యూరోపా మరకలు ఉప్పా, యాసిడా? నల్లగొండలో కూర్చుని తేల్చాలనుకున్న ఒక కేసు

గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా మన చందమామ కంటే కొంచెం చిన్నది, అడ్డంగా కొలిస్తే సుమారు 3,120 కిలోమీటర్లు. ఒళ్లంతా మంచు. ఆ మంచు మీద పొడవాటి గీతలు, పగిలి మళ్లీ అతుక్కుపోయినట్టుండే ప్రాంతాలు, వాటి వెంబడి ఎరుపు కలిసిన గోధుమ రంగు మరకలు. మంచు కింద ఉప్పునీటి సముద్రం ఉందని నాసా పంపిన గెలీలియో నౌక అయస్కాంత కొలతలు గట్టిగా చెప్పాయి. అందుకే ఆ మరకలు సముద్రం నుంచి పైకొచ్చిన ఉప్పులేనా, లేక బయటి నుంచి వచ్చి పడినవాటితో అక్కడికక్కడే తయారైన రసాయనమా అనేది 1998 నుంచి తెగని పంచాయితీ అయింది. నేను రాసేది ఆ పంచాయితీకి తీర్పు కాదు. ఒక పాత స్పెక్ట్రమ్ (తిరిగొచ్చిన వెలుగు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంతుందో చూపే గీత) ముందేసుకుని కూర్చుంటే దాంట్లోంచి ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అనేది పని చేస్తూ పోగా ఎలా తేలిందో, అది.

నా రోజువారీ పని ఆకాశం మీద కాదు, నేల మీద. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు, ఇటు మహబూబ్‌నగర్ వైపు చెరువుల కింద చౌడు పట్టిన పొలాలను శాటిలైట్ చిత్రాల్లో గుర్తుపట్టి మ్యాపులు గీస్తుంటాను. ఆ పనిలో ఒక సుఖం ఉంది. అనుమానం వస్తే బండేసుకుని పోయి గుప్పెడు మట్టి సంచిలో వేసుకొస్తే, ఉప్పు ఎంతుందో, ఏ ఉప్పో ల్యాబ్‌లో తేలిపోతుంది. తేటగా కనిపించే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూపుతో చెప్పలేక, బాటిల్లో పట్టి పంపిన జిల్లా మాది, శాంపిల్ విలువ మాకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. యూరోపా దగ్గర ఆ సంచీ లేదు, ఆ బాటిలూ లేదు. ఉన్నదల్లా అక్కడి నుంచి తిరిగొచ్చిన ఎండ.

ఇక్కడే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే ఒకమ్మాయి ప్రాజెక్టుకి గైడ్ చేయమని వచ్చింది. దేవరకొండ అవతల ఊరు, పత్తి రైతు కుటుంబం. తనకి కావాల్సింది అంతరిక్షం, నాకు తెలిసింది ఉప్పు నేలలు. రెండూ కలిసే చోటు యూరోపాయే.

డేటా సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే సగం కేసు అక్కడే ఉంది. గెలీలియో నౌక 1995 డిసెంబరు నుంచి 2003 సెప్టెంబరు దాకా గురుడి చుట్టూ తిరిగింది. దాని మీద నిమ్స్ అని ఒక పరికరం ఉండేది, నియర్ ఇన్‌ఫ్రారెడ్ మ్యాపింగ్ స్పెక్ట్రోమీటర్. 0.7 మైక్రాన్ల నుంచి 5.2 మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) వెలుగును విడదీసి కొలిచేది. లోపల 17 డిటెక్టర్లు, వెలుగును విడదీసే గ్రేటింగ్ పలక 24 మెట్లు కదిలితే మొత్తం 408 తరంగదైర్ఘ్యాలు. కాగితం మీద బ్రహ్మాండం. కానీ 1991లో ఆ నౌక పెద్ద యాంటెన్నా గొడుగులా విచ్చుకోవాల్సింది సగంలో ఇరుక్కుపోయింది. సెకనుకు 134 కిలోబిట్లు పంపాల్సిన నౌక చిన్న యాంటెన్నాతో మహా అయితే 160 బిట్లకు దిగిపోయింది. తీసిన ప్రతి చిత్రాన్నీ టేపు రికార్డర్లో దాచి, కుదించి, నింపాదిగా పంపాల్సి వచ్చింది. అందుకే యూరోపాకి నిమ్స్ డేటా అతుకుల బొంతలాగే ఉంటుంది, ఒక చోట దగ్గరి నుంచి తీసింది, ఇంకో చోట దూరం నుంచి తీసింది, మధ్యలో ఖాళీలు. ఇప్పుడు అంతా నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫైళ్లు చిన్నవి, ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా దిగిపోతాయి. ఈ పనికి సూపర్ కంప్యూటర్ కావాలనుకునే పిల్లలకి ఈ మాట గట్టిగా చెప్తుంటాను, మామూలు ల్యాప్‌టాప్, పైథాన్, ఓపిక చాలు.

మేం ఎంచుకున్న క్యూబ్, అంటే ప్రతి పిక్సెల్‌కీ ఒక స్పెక్ట్రమ్ ఉండే చిత్రం, యూరోపా వెనుక అర్ధగోళానిది. యూరోపా ఎప్పుడూ ఒకే ముఖం గురుడి వైపు పెట్టి తిరుగుతుంది కాబట్టి, అది పోయే దిశలో ఉన్న సగం ఎప్పుడూ ముందే, రెండో సగం ఎప్పుడూ వెనకే. మరకలు ఎక్కువ ఉన్నది వెనుక సగంలో. మా క్యూబ్‌లో మరకపడ్డ మైదానమూ, దానికి ఉత్తరాన తెల్లటి మంచూ రెండూ ఒకే ఫ్రేములో పడ్డాయి. అలాంటిదే ఎందుకు అంటే, ఒకే పరికరం ఒకే పూట చూసిన రెండు నేలలను ఒకదానితో ఒకటి భాగిస్తే పరికరం వంకర్లు చాలావరకు కొట్టుకుపోతాయి. చౌడు మ్యాపుల్లో కూడా నేను చేసేది ఇదే, పక్కనే ఉన్న మంచి నేలతో పోల్చి చూస్తాను.

కొలతలు అప్పటికే ఐ బై ఎఫ్‌లో ఉంటాయి, అంటే ఉపరితలం తిరగ్గొట్టిన వెలుగును, దాని మీద పడ్డ ఎండతో భాగించిన లెక్క. గురుడి దగ్గర ఎండ మన దగ్గరి కంటే 27 రెట్లు తక్కువ. అయినా ఒక సౌకర్యం ఉంది, యూరోపా మధ్యాహ్నం కూడా మైనస్ 140 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి దాని సొంత వేడి మెరుపు 5 మైక్రాన్ల లోపు లెక్కలోకి రాదు. చంద్రయాన్-1 మీద వెళ్లిన ఎం-త్రీ పరికరం డేటా చేసినవాళ్లకి ఈ తేడా తెలుస్తుంది. ఎండలో మరిగే చందమామ నేల తన వేడిని 2 మైక్రాన్లు దాటాక కలిపేస్తుంది, 3 మైక్రాన్ల దగ్గర నీటి గుర్తు వెతకాలంటే ముందు ఆ వేడి తీసెయ్యాలి, ఎంత తీయాలన్నది ఇంకో గొడవ. యూరోపాలో ఆ తలనొప్పి లేదు. ఇంకో మేలు, గాలి దాదాపు లేదు. మా పొలాల మీద శాటిలైట్‌తో చూస్తే 1.4, 1.9 మైక్రాన్ల దగ్గర గాలిలోని ఆవిరి వెలుగంతా మింగేసి గుడ్డి గోడ కట్టేస్తుంది. నీరు పట్టిన ఉప్పులు మాట్లాడేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. మా ఊరి చౌడు మీద వినపడని మాట, 60 కోట్ల కిలోమీటర్ల అవతల వినపడుతుందన్నమాట.

ఇక శుభ్రం చేయడం. గురుడి రేడియేషన్ పట్టీల్లో తిరిగే పరికరం కాబట్టి డిటెక్టర్ల మీద కణాలు టపటపా తగులుతూనే ఉంటాయి, స్పెక్ట్రమ్ నిండా ముళ్లు. ఒకరోజు ఆ అమ్మాయి ఫోన్ చేసి "సార్, 4 మైక్రాన్ల దగ్గర సన్నటి లోయ కనిపిస్తుంది, ఏ పేపర్లోనూ లేదు" అంది, గొంతులో టెన్షన్, ఆశ రెండూ. లోయ అంటే పదార్థం వెలుగును మింగిన చోట గీత కిందికి దిగడం, దాన్నే బ్యాండ్ అని కూడా అంటారు. పక్క పిక్సెల్స్ తీసి చూడమన్నాను. ఒక్క పిక్సెల్‌లో, ఒక్క చానెల్‌లోనే ఉంది. మంచులోనో ఉప్పులోనో ఉండే అణువులు అంత సన్నగా మింగవు, ఘనపదార్థాల బ్యాండ్లు వెడల్పుగా, నెమ్మదిగా దిగి లేస్తాయి. అది రేడియేషన్ ముల్లే. మీడియన్ ఫిల్టర్ (చుట్టుపక్కల విలువల్లో నడిమిదాన్ని ఉంచే పద్ధతి) వేసి, ఒకే రకం నేల ఉన్న చోట పిక్సెల్స్ సగటు తీశాక మాయమైంది.

దీనికంటే మోసకారి ఇంకోటి ఉంది. నిమ్స్ అన్ని తరంగదైర్ఘ్యాలనూ ఒకేసారి చూడదు. గ్రేటింగ్ ఒక మెట్టు కదిలే లోపు అద్దం కింది నేలను ఊడ్చుకుంటూ పోతుంది, నౌక కూడా కదులుతుంటుంది. కాబట్టి 1.2 మైక్రాన్ల దగ్గర చూసిన నేల, 1.3 దగ్గర చూసిన నేల అచ్చంగా ఒకటే కాకపోవచ్చు. తెలుపు, నలుపు కలిసే అంచు మీద పిక్సెల్ తీసుకుంటే స్పెక్ట్రమ్ రంపం పళ్లలా వస్తుంది, అందులో ప్రతి పన్నుకీ ఒక ఖనిజం పేరు పెట్టేయొచ్చు, అంత పచ్చి ఉత్సాహం మనకుంటే. అంచులు వదిలేసి మరక నడిబొడ్డున ఉన్న పిక్సెల్స్ మాత్రమే తీసుకున్నాం. డేటా చాలా తగ్గిపోయింది. పోతే పోనీ అనుకున్నాం.

శుభ్రమైన రెండు స్పెక్ట్రమ్‌లూ ఒక గ్రాఫు మీద వేస్తే కేసు కళ్లముందుకొచ్చింది. మంచు స్పెక్ట్రమ్‌లో 1.5, 2.0 మైక్రాన్ల దగ్గర రెండు పెద్ద లోయలు, 1.04, 1.25 దగ్గర రెండు చిన్న లోయలు, పుస్తకంలో ఉన్నట్టే. మరక స్పెక్ట్రమ్‌లో పెద్ద లోయలు రెండూ ఉన్నాయి, కానీ వాటి అడుగు తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరిగింది, ఒక గట్టు నిటారుగా, ఇంకో గట్టు వాలుగా. చిన్న లోయలు దాదాపు పూడిపోయాయి. మంచు మీద 3.1 మైక్రాన్ల దగ్గర నిక్కపొడుచుకుని ఉండే చిన్న శిఖరం కూడా లేదు.

కారణం అణువుల్లో ఉంది. మంచులో ప్రతి నీటి అణువూ చుట్టూ ఉన్న అణువులతో హైడ్రోజన్ బంధాలు వేసుకుని క్రమంగా నిలబడుతుంది. ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య సాగుడు ఎంత తేలిగ్గా జరుగుతుందో ఆ బంధాల బలం నిర్ణయిస్తుంది. 1.5 లోయ ఆ సాగుడు రెట్టింపైనప్పుడు పుట్టేది, 2.0 లోయ సాగుడూ వంగుడూ కలిసినప్పుడు పుట్టేది. అదే నీటి అణువు మంచులో కాకుండా మెగ్నీషియం అయాన్‌కో, సల్ఫేట్‌కో అంటుకుని ఉందనుకోండి, పొరుగు మారింది కాబట్టి బంధం బలం మారుతుంది, లోయ జరుగుతుంది, వంకర పోతుంది. కాబట్టి మా గ్రాఫు చూసి ఇంతవరకు ధైర్యంగా చెప్పొచ్చు: ఈ మరకలో నీళ్లున్నాయి, కానీ ఆ నీళ్లలో చాలా భాగం మంచుగా లేవు, దేనికో కట్టుబడి ఉన్నాయి.

దేనికి? 1998లో మెకార్డ్ బృందం ఇవే నిమ్స్ స్పెక్ట్రమ్‌లు చూసి నీరు పట్టిన ఉప్పులన్నారు, మెగ్నీషియం సల్ఫేట్, సోడియం కార్బొనేట్ లాంటివి. మరుసటి ఏడాది కార్ల్‌సన్ బృందం అదే ఆకారం గడ్డకట్టిన సల్ఫ్యూరిక్ యాసిడ్ హైడ్రేట్‌తో (హైడ్రేట్ అంటే నీటి అణువులు పట్టుకుని ఉన్న పదార్థం) కూడా వస్తుందని చూపించింది. పక్కనున్న అయో అనే చంద్రుడి అగ్నిపర్వతాలు గంధకాన్ని అంతరిక్షంలోకి చిమ్ముతాయి, అది అయాన్లుగా మారి యూరోపా మంచు మీద పడుతుంది, రేడియేషన్ మంచునూ గంధకాన్నీ కలిపి యాసిడ్ చేస్తుంది. రెండు వాదనల్లో దేన్నీ తీసిపారేయలేం.

మెగ్నీషియం సల్ఫేట్ అనే పేరు వినగానే మా స్టూడెంట్ నవ్వింది. "ఇది మా నాయిన పత్తికి కొట్టేదే కదా సార్." నిజమే. పత్తి ఆకులు ఎర్రబడితే మెగ్నీషియం తగ్గిందని దుకాణంలో తెచ్చి పిచికారీ చేసేది ఇదే ఉప్పు. ఒక్కో మెగ్నీషియం సల్ఫేట్‌కి ఏడు నీటి అణువులు పట్టుకుని ఉంటాయి. లెక్కేస్తే ఆ ప్యాకెట్ బరువులో సగానికి పైగా, 51 శాతం, నీళ్లే. చేత్తో పట్టుకుంటే పొడిగా గలగలలాడుతుంది, ఒక్క చుక్క కనిపించదు. కట్టుబడ్డ నీరు అంటే ఏంటో పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు దొరకలేదు.

ఎరువుల దుకాణం నుంచి ఒక ప్యాకెట్ తెచ్చి, చౌడు పనికి వాడే స్పెక్ట్రోరేడియోమీటర్‌తో కొలిచాం. అది 2.5 మైక్రాన్ల దాకే చూస్తుంది, అయినా మా రెండు లోయలకీ సరిపోతుంది. ఎండలో కొలిస్తే గాలి ఆవిరి అడ్డమొస్తుంది కాబట్టి గది చీకటి చేసి హాలోజన్ దీపం కింద. తర్వాత అదే ఉప్పును స్టీలు పళ్లెంలో పలుచగా పరిచి మే నెల ఎండకి డాబా మీద పెట్టాం. అద్దం ముక్కల్లా మెరిసే పలుకులు పైనుంచి తెల్లబారడం మొదలైంది, చివరికి ముగ్గుపిండిలా అయిపోయింది, వేలితో నొక్కితే పలుకు ఆకారం అలాగే ఉండి పొడిపొడిగా రాలింది. ఏడు నీళ్లలో ఒకటి ఎగిరిపోయి ఆరు నీళ్ల ఉప్పవడం మొదలైతే ఇట్లాగే ఉంటుంది. మళ్లీ కొలిస్తే లోయల లోతు, గట్ల వాలు రెండూ మారాయి. ఒకే ప్యాకెట్, ఒకే ఊరు, స్పెక్ట్రమ్‌లు మాత్రం రెండు.

ఇప్పుడు దీన్ని యూరోపాకి తీసుకెళ్లండి. చల్లటి ఉప్పునీరు గడ్డకడితే మెగ్నీషియం సల్ఫేట్ ఏడుతో ఆగదు, పదకొండు నీటి అణువులు పట్టుకుంటుంది. మైనస్ 150 దగ్గర కొలిస్తే అదే ఉప్పు లోయలు సన్నబడి, గది ఉష్ణోగ్రతలో కనిపించని చిన్నచిన్న నొక్కులు బయటపడతాయి. కాబట్టి మా డాబా మీది ఉప్పును నేరుగా యూరోపా స్పెక్ట్రమ్‌తో పోల్చడం తప్పు, అది పాఠం చెప్పడానికే పనికొచ్చింది. పోలికకి చల్లని ల్యాబ్ కొలతలే వాడాలి. మంచుకైతే గ్రండీ, ష్మిట్ 1998లో వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కొలిచి పెట్టిన విలువలున్నాయి, బాధ లేదు. హైడ్రేట్లకి చల్లని కొలతలు చాలా తక్కువ, ఉన్నవాటిలో రేణువు సైజు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. ఈ పనిలో అసలు కరువు డేటాకి కాదు, దీనికే.

పైగా నిమ్స్ చూపు మందం. 1 మైక్రాన్ దాటాక దాని ఒక్కో మెట్టు 25 నానోమీటర్లు. ల్యాబ్ స్పెక్ట్రమ్‌ను ఆ మందానికి దించి చూస్తే, చల్లని ఉప్పు ప్రత్యేకంగా చూపించే నొక్కుల్లో చాలావరకు పూడిపోతాయి. అప్పుడు ఉప్పు, యాసిడ్ రెండూ నున్నటి వంకర లోయలే.

ఫిట్టింగ్ దగ్గరికొద్దాం. వేర్వేరు రేణువుల సైజుల్లో మంచు, మెగ్నీషియం సల్ఫేట్, సోడియం సల్ఫేట్ హైడ్రేట్లు, యాసిడ్ హైడ్రేట్, వీటి స్పెక్ట్రమ్‌లను ఎంతెంత పాళ్లలో కలిపితే మా మరక వస్తుందో లీస్ట్ స్క్వేర్స్‌తో, అంటే కొలతకీ లెక్కకీ మధ్య తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా, వెతకడం. పాళ్లు మైనస్‌లోకి పోకూడదని షరతు. ప్రోగ్రామ్ నిమిషంలో నడుస్తుంది, గీత మీద గీత కూర్చుంటుంది, కింద శాతాలు దశాంశాలతో సహా వచ్చేస్తాయి. ఆ అమ్మాయి ఆ శాతాలను పట్టిక చేసి తెచ్చింది. బాగుంది, ఇప్పుడు యాసిడ్ తీసేసి మళ్లీ నడుపు అన్నాను. గీత దాదాపు అంతే బాగా కూర్చుంది, ఉప్పు శాతం పెరిగింది. యాసిడ్ పెట్టి ఉప్పులు తీసెయ్యమన్నాను. మళ్లీ దాదాపు అంతే. మంచు రేణువు సైజు మార్చితే ఇంకో జవాబు. అన్నీ పెడితే కొంచెం మెరుగ్గా వచ్చింది, కానీ దినుసులు ఎక్కువైతే ఏ గీతైనా మెరుగ్గానే కూర్చుంటుంది, అది రుజువు కాదు.

ఇంకో సమస్య ఆ లెక్కకి పునాదిలోనే ఉంది. మేం వేసింది సరళమైన మిశ్రమం, అంటే కల్లంలో వడ్ల కుప్ప ఒకటి, కందుల కుప్ప ఒకటి పక్కపక్కన పోసి దూరం నుంచి చూసినట్టు. అట్ల ఉంటే వెలుగులు కూడుకుంటాయి, శాతం అంటే అది ఆక్రమించిన నేల. కానీ వడ్లూ కందులూ కలిసిపోయి ఉంటే వెలుగు ఒక గింజ నుంచి ఇంకో గింజకి తగులుతూ బయటికొస్తుంది, నల్లగింజ కొంచెమున్నా వెలుగంతా తినేస్తుంది, అప్పుడు మన శాతాలకి అర్థం ఉండదు. దానికి హాప్కే పద్ధతి ఉంది, కానీ అది నడవాలంటే ప్రతి పదార్థానికీ ఆప్టికల్ స్థిరాంకాలు (వెలుగును ఎంత వంచుతుందో, ఎంత మింగుతుందో చెప్పే అంకెలు) కావాలి, మళ్లీ పైన చెప్పిన కరువుకే వచ్చి పడతాం. అందుకని రిపోర్టులో శాతాల పట్టిక తీయించేశాను. తనకి నచ్చలేదు, రెండు రోజులు ముభావంగా ఉంది. పట్టిక బదులు ఒక బొమ్మ పెట్టించాను: ఏ దినుసు తీసేస్తే గీత ఎంత చెదిరింది అని. మంచు కాని హైడ్రేట్లన్నీ తీసేస్తే గీత ఘోరంగా చెదిరింది. వాటిలో ఏ ఒక్కదాన్ని తీసినా పెద్దగా చెదరలేదు. నా లెక్కలో మొత్తం ప్రాజెక్టులో నికరమైన బొమ్మ అదే.

సంచిలో మట్టి తెచ్చుకోలేనప్పుడు దాని చోట ఏది పెట్టాలి? ఆ పదార్థం ఎక్కడెక్కడ ఎంతుందన్న లెక్క పెట్టొచ్చు. యాసిడ్ వాదం నిజమైతే అది ఎక్కడ ఎక్కువుండాలో ఫిజిక్స్ ముందే చెప్తుంది. గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు, ఆయన అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న గంధకం అయాన్లు కూడా దాంతోపాటే తిరుగుతాయి. యూరోపా ఒక చుట్టు తిరగడానికి 85 గంటలు తీసుకుంటుంది. అంటే అయాన్లు వెనక నుంచి వచ్చి తగులుతాయి, వెనుక అర్ధగోళం నడిబొడ్డున, 270 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఎక్కువ, పక్కలకి పోయేకొద్దీ తక్కువ. ఉప్పు వాదం నిజమైతే రేఖాంశంతో పనిలేదు, పగుళ్లెక్కడుంటే ఉప్పు అక్కడుండాలి.

అందరికీ అందుబాటులో ఉన్న మ్యాపులు చూస్తే రెండూ కొంత నిజమే. హైడ్రేట్ మొత్తంగా ఎంతుందన్నది నడిబొడ్డు నుంచి దూరాన్ని బట్టి తగ్గుతూ పోతుంది, కార్ల్‌సన్ బృందం 2005లో వేసిన మ్యాపులో ఇది గురి చూసి కొట్టే బొమ్మలా వలయాలుగా కనిపిస్తుంది. కానీ దగ్గరి నుంచి చూస్తే మరక అంచులు పగుళ్ల వెంబడే నడుస్తాయి. గంధకం వాన అన్ని చోట్లా పడుతోంది, మరి పగుళ్లలోనే ఎందుకు నల్లబడుతోంది? అక్కడ ముందునుంచే ఏదో వేరే పదార్థం ఉండి ఉండాలి అనేవాళ్లున్నారు, నేనూ అటే మొగ్గుతాను. కింది నుంచి ఏదో వచ్చింది, వచ్చాక పైనుంచి పడిన గంధకం దాని రూపం మార్చేసింది.

నిమ్స్ తర్వాత వచ్చిన కొలతలు కూడా అటువైపే నెట్టాయి. 2013లో బ్రౌన్, హ్యాండ్ ఇద్దరూ హవాయిలోని కెక్ టెలిస్కోపుతో, నిమ్స్ కంటే చాలా సన్నటి చూపుతో చూసి 2.07 మైక్రాన్ల దగ్గర ఒక చిన్న నొక్కు పట్టుకున్నారు. దాన్ని మెగ్నీషియం సల్ఫేట్ అన్నారు. కానీ అది వెనుక సగంలోనే ఉంది, ముందు సగంలో లేదు. అంటే సల్ఫేట్ సముద్రం నుంచి రాలేదు, సముద్రం నుంచి వచ్చింది క్లోరైడ్ అయ్యుండొచ్చు, అది గంధకం తగిలే చోట సల్ఫేట్‌గా మారి ఉండొచ్చు అని వాళ్ల వాదన. 2019లో ట్రంబో బృందం హబుల్‌తో కంటికి కనిపించే వెలుగులో చూసి, ముందు సగంలో టారా రీజియో అనే చోట 450 నానోమీటర్ల దగ్గర ఒక లోయ చూపించింది. అది రేడియేషన్ తగిలి పసుపెక్కిన మామూలు ఉప్పు, సోడియం క్లోరైడ్ గుర్తు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అదే టారా రీజియోలో కార్బన్ డయాక్సైడ్ పోగుపడి ఉందని చూపించింది.

ఇక్కడ మా కేసుకి తగిలే విషయం ఒకటుంది. నీరు పట్టని సోడియం క్లోరైడ్ ఇన్‌ఫ్రారెడ్‌లో నోరు మెదపదు, దానికి ఆ ప్రాంతంలో లోయలే లేవు. మా నిమ్స్ క్యూబ్ నిండా వంటింటి ఉప్పున్నా మా ప్రోగ్రామ్ దాన్ని చూడలేదు. గీత బాగా కూర్చుంది కాబట్టి దినుసులన్నీ దొరికాయి అనుకునేవాళ్ల కోసం ఈ పేరా రిపోర్టులో బోల్డ్‌లో పెట్టించాను.

వైవాలో ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన అడిగింది ఊహించిందే, "ఇంతకీ ఉప్పేనా, కాదా అమ్మా?" తను తడుముకోలేదు. "నీళ్లు కట్టుకున్న పదార్థం, మంచు కాదు, అంతవరకు ఖాయం సార్. వెనుక సగంలో యాసిడ్ ఉండాలని ఫిజిక్స్ చెప్తుంది, దాంతోపాటు ఉప్పు ఉందా అన్నదానికి ఈ డేటా చాలదు." ఆయన ఇంకో రెండు ప్రశ్నలు కాలిబ్రేషన్ మీద వేసి వదిలేశారు.

ఇక మిగిలిన పని. యూరోపా క్లిప్పర్ 2024 అక్టోబరు 14న బయల్దేరింది, 2030 ఏప్రిల్లో గురుడి దగ్గరికి చేరాలి. దాని మీద మైజ్ అనే స్పెక్ట్రోమీటర్ 0.8 నుంచి 5 మైక్రాన్ల దాకా 10 నానోమీటర్ల మెట్లతో చూస్తుంది. యూరప్ వాళ్ల జ్యూస్ నౌక 2023 ఏప్రిల్లో బయల్దేరి 2031 జూలైలో చేరుతుంది, దాని మాజిస్ పరికరం ఎక్కువగా గురుడి ఇంకో చంద్రుడైన గానిమీడ్ మీద పనిచేసినా యూరోపాని కూడా రెండుసార్లు దగ్గరి నుంచి చూస్తుంది. చల్లని ల్యాబ్ స్పెక్ట్రమ్‌లను ఈసారి 25 నానోమీటర్లకి బదులు 10 నానోమీటర్ల మెట్లకే దించి చూశాం. పూడిపోయిన నొక్కుల్లో కొన్ని మళ్లీ తేలాయి, ఉప్పు, యాసిడ్ గీతలు విడివిడిగా కనిపించడం మొదలైంది. కాకపోతే మేం వేసింది నాయిస్ లేని గీత, గురుడి రేడియేషన్ ముళ్లు కలిపాక ఆ నొక్కులు నిలబడతాయో లేదో చూడాలి. అది వచ్చే ఏడాది ప్రాజెక్టుకి పెట్టాను.

ఎవరైనా ఇదే చేయాలనుకుంటే యూరోపాతో మొదలుపెట్టకండి, గానిమీడ్ నిమ్స్ క్యూబ్ ఒకటి తీసుకుని 1.65 మైక్రాన్ల దగ్గర మంచు స్ఫటికాల గుర్తు పట్టడం ముందు చేతికి రానివ్వండి, ఆ చిన్న లోయ కుదిరితే మిగతా క్యూబ్‌లు భయపెట్టవు. చంద్రయాన్-2 మీది ఐఐఆర్ఎస్ అనే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ చూసేది కూడా 0.8 నుంచి 5 మైక్రాన్లే, దాని డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్లో దొరుకుతుంది. వేడిని తీసెయ్యడం మీద చేయి తిరగాలంటే దాంతో కుస్తీ పట్టొచ్చు.